ఏరు దాటిన పిమ్మట తెప్పను తగులబెట్టవచ్చునా?

పోయిన నెలలో మన సంఘ కార్యాలయమునకు ఒక పెద్దమనిషి వచ్చిరి. మూడు తరములుగా బెంగళూరులో స్థిరపడిన కుటుంబము వారిది. చేతిలో నోటీసు కాగితము, ముఖమున ఆగ్రహము. "మనము తెలుగువారమగుటచేతనే గదా ఈ నోటీసు! వీధిలో ఇంకెవరి వాకిటనైనను అంటించిరా? సంఘము పక్షమున గట్టిగా ఒక అర్జీ వ్రాసి పెట్టవలెను" అని వారి కోరిక. కాగితము పుచ్చుకొని చదివితిని. అందు భాష ప్రసక్తి లేదు, ప్రాంతము ప్రసక్తి లేదు. వారి ఇంటి ముందర వీధిలో చాలకాలముగా కదలక నిలిచియున్న పాత కారును గడువులోపల తొలగింపవలెననియు, లేనిచో తామే తొలగింతుమనియు పురపాలక సిబ్బంది వ్రాసిన నాలుగు పంక్తులు మాత్రమే యున్నవి.

ఆ కారు నేనెరుగనిది కాదు. వారి తండ్రిగారు ముచ్చటపడి కొన్న మారుతి 800. ఆయన పోయి ఆరేండ్లయినది. కారును నాటినుండి కదలలేదు. నాలుగు టైర్లును గాలిపోయి నేలను కరచుకొన్నవి. అడుగున చమురు కారి నల్లని మడుగు కట్టినది. వానకాలములో దాని నిండ నీరు, నీటి నిండ దోమలు. ప్రక్కయింటి కన్నడిగుల బిడ్డకు క్రిందటి యేడు డెంగీ జ్వరము వచ్చినది. ఆ దోమ ఈ కారులోనే పుట్టినదని నేను చెప్పజాలను, పుట్టలేదని వారును చెప్పజాలరు.

అర్జీ వ్రాయుటకు నేనొప్పుకొనలేదు. వారు నొచ్చుకొని వెడలిపోయిరి. తరువాత ఆలోచింపగా వారొక్కరికే గాక మనలో చాలమందికి చెప్పవలసిన మాట యిందు కలదని తోచి యిది వ్రాయుచున్నాను. దీనిని చదివి వారు మరల కోపింతురేమో. కోపించినను సరియే, చదివిన చాలును.

మొదట సంఘము సంగతి. రాజ్యాంగములోని 350-ఎ అధికరణము 1956లో చేర్చబడినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నేర్పుటకు తగిన వసతులు కల్పింపవలెనని అది రాష్ట్రములకు చెప్పుచున్నది. దానిని పట్టుకొని మనము బడుల కొరకు, ఉపాధ్యాయుల కొరకు, పుస్తకముల కొరకు నేటికిని పోరాడుచున్నాము. ఆ పోరాటమునకు బలము మన మాటలోని న్యాయము. తుప్పుపట్టిన కారునకు ఆ న్యాయమును అడ్డుపెట్టినచో, రేపు బడి మూతపడినదని మొరపెట్టుకొన్న దినమున మన మాట నమ్మువారుండరు. హక్కు నడుగు నోటితోనే బాధ్యతను తప్పించుకొనజూచుట మన పెద్దలు మనకు నేర్పిన మర్యాద కాదు.

ఇక కారు సంగతి. కాలము తీరిన కారును వదిలించుకొనుటకు మనవారు సాధారణముగా మూడు దారులు త్రొక్కుచున్నారు. మొదటిది, వాకిట కుళ్లనిచ్చుట. రెండవది, కాగితము లేకుండ తుక్కువానికి తూచి యమ్ముట. మూడవది, స్వగ్రామములోని బంధువులకు దానముగా పంపుట. ఈ మూడింటిలో దేనివలనను కారు పోదు. మన భారము మరియొకరి నెత్తికెక్కును, అంతియే.

వాకిట కుళ్లనిచ్చువారు చెప్పు కారణము మమకారము. "నాన్నగారి కారు, ఎట్లమ్ముదుము?" అందురు. ఆయన జీవించియున్న దినములలో వారమున కొకమారైనను దానిని కడిగినవారు లేరు. నేడు మాత్రము దానంత మంచి కారు లోకములో లేదందురు. చచ్చిన బఱ్ఱె కడివెడు పాలిచ్చినదన్న సామెత ఊరక పుట్టలేదు. నిజమైన మమకారమున్నచో దానిని బాగుచేయించి, పరీక్షకు నిలిపి, నడుపుకొనవలెను. ఎండకు, వానకు, ఎలుకలకు అప్పగించి దానికి మమకారమని పేరుపెట్టుట తండ్రిగారికి గౌరవము కాదు.

పైగా చాల యిండ్లలో ఆ కారింకను చనిపోయినవారి పేరనే యున్నది. యజమాని మరణించినపుడు వారసుడు ముప్పది దినములలో రవాణా కార్యాలయమునకు తెలియజేసి, మూడు నెలలలోపల 31వ నంబరు ఫారముతో తన పేరికి మార్చుకొనవలెనని కేంద్ర మోటారు వాహనముల నిబంధనలు చెప్పుచున్నవి. కర్మకాండకు పురోహితుని పిలుచుట మరువము, బ్యాంకు ఖాతా మార్చుకొనుట మరువము. కారు పుస్తకము మాత్రము బీరువాలోనే మిగిలిపోవును. పదేండ్లు గడచిన పిమ్మట దానిని వదిలించుకొనబోగా, వారసులలో ఒకరు అమెరికాలో, ఒకరు పూనాలో, ఒకరు మాటలాడని స్థితిలో నుందురు. సంతకములు కుదరవు. కారు కదలదు.

రెండవ దారికి వత్తము. తుక్కు దుకాణమును బెంగళూరులో గుజరీ యందురు. చెన్నపట్టణములో కాయలాన్ కడ యందురు, ముంబయిలో భంగార్ అందురు, బరంపురములో కబాడీ యందురు. మనకు నాలుగు పేర్లును తెలియును, బేరమాడుటకు నాలుగు భాషలును వచ్చును. పుదుప్పేటలోను, శివాజీనగరములోను, కుర్లాలోను ఈ వృత్తిపై తరతరములుగా బ్రతుకుచున్న పనివారిని నేను తక్కువగా చూచువాడను కాను. ఏ కారు తలుపు ఏ కారునకు సరిపడునో, ఏ గేరుపెట్టె ఇంకను పదేండ్లు పనిచేయునో చేతితో తడవి చెప్పగలవారు వారు. పనికివచ్చు భాగమును మరల వాడుట గొప్ప గుణము. మన నాయనమ్మలు చిరిగిన చీరను బొంతగా కుట్టిరి, అది చిన్నతనము కాలేదు.

అయితే పనికివచ్చు భాగములు తీసిన పిమ్మట మిగిలినదేమగుచున్నదో చూచితిరా? కారనగా ఇనుము మాత్రమే కాదు. అందు ఇంజను నూనె, బ్రేకు ద్రవము, రేడియేటరు ద్రవము, మిగిలిన పెట్రోలు, చల్లదనపు యంత్రములోని వాయువు, సీసముతో ఆమ్లముతో నిండిన బ్యాటరీ కలవు. తగిన ఏర్పాట్లు లేని తావులలో నూనెను నేలపై పోయుదురు. అది మట్టిలోనికి దిగి బావి నీటిని చేరును. వాయువును గాలికి వదలుదురు. నేటి కార్లలో వాడుకనున్న ఆర్-134ఎ యను వాయువు భూమిని వేడెక్కించుటలో బొగ్గుపులుసు వాయువునకు వేయి రెట్లకు మించినది. తీగలలోని రాగి కొరకు పైనున్న ప్లాస్టిక్కును కాల్చుదురు. ఆ పొగలో డయాక్సినులను విషములుండును.

అన్నిటికంటె ఘోరము బ్యాటరీ. దాని బరువులో సగమునకు మించి సీసమే. సుత్తితో పగులగొట్టి, ఆమ్లమును కాలువలో పోసి, పలకలను పెరటి కొలిమిలో కరగించు తావులు మన దేశములో నేటికిని కలవు. సీసము ఇంత మోతాదు వరకు హానిచేయదని చెప్పదగిన హద్దేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. 2020లో యునిసెఫ్ వెలువరించిన నివేదిక ప్రకారము ప్రపంచములో ప్రతి ముగ్గురు పిల్లలలో ఒకరి, అనగా సుమారు 80 కోట్ల మంది రక్తములో, డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములుగాని అంతకుమించిగాని సీసమున్నది. వాడివేసిన బ్యాటరీలను అడ్డదిడ్డముగా కరగించుట అందులకొక ముఖ్యకారణమని ఆ నివేదికయే తెలుపుచున్నది. సీసము పిల్లల మెదడును దెబ్బతీయును. మన పిల్లలకు చదువు రావలెనని సంఘములు పెట్టుకొన్న మనము, గుజరీ వీధిలోని పనివాని బిడ్డ చదువును రెండువేల రూపాయల బేరమునకు అమ్ముకొనవచ్చునా?

ఆ బిడ్డ సంగతి మనసునకు తాకనివారుందురు. వారు తమ సంగతియైనను ఆలోచింపవలెను. ఒకప్పుడు నేనును ఒక పాత కారును గుజరీకి అమ్మితిని. అమ్మిన చోటి పేరు చెప్పను, తప్పు నాది. ఆర్.సి. పుస్తకమడిగిరి, ఇచ్చితిని. ఖాళీ ఫారములపై సంతకము పెట్టుమనిరి, పెట్టితిని. డబ్బు లెక్కపెట్టుకొని యింటికి వచ్చితిని. ఏడాదిన్నర గడచిన పిమ్మట వేరొక జిల్లానుండి పోలీసువారి పిలుపు వచ్చినది. ఎప్పుడో ముక్కలైనదని నేననుకొన్న కారు, ఒక రాత్రి రోడ్డున పోవు కూలివానిని గ్రుద్ది ఆగక వెడలిపోయినదట. అది నా కారేనో, లేక దాని నంబరును తగిలించుకొన్న దొంగకారో నాకు నేటికిని తెలియదు. నేనమ్మివేసితినని చూపుటకు నా యొద్ద ఒక్క చీటీ ముక్కయు లేదు. ఎన్నిమార్లు తిరిగితినో, ఎంత సిగ్గుపడితినో చెప్పను. ఆ కూలివాడు బ్రతికినాడు. అదియే నాకు దక్కిన అదృష్టము.

చట్టమిందు చాల స్పష్టముగా నున్నది. చేతులు మారి మారి పోయినను రిజిస్టరులో పేరు మారని కారు ప్రమాదము చేసినపుడు, పరిహారమునకు బాధ్యుడు రిజిస్టరులోని యజమానియేయని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న తీర్పు చెప్పినది. ఆ కేసులోని కారు మొదటి యజమానిని విడిచి పలువురి చేతులు మారినది. ప్రమాదమునాడు స్టీరింగు పట్టినవాడు వేరొకడు. అయినను పుస్తకములో పేరున్నవాడే ఉత్తరవాది యయ్యెను. కావున గుజరీవాడు ఎక్కువగా ఇచ్చు మూడువేల రూపాయలు లాభము కాదు. ఎప్పుడు తీర్చవలసివచ్చునో తెలియని అప్పు అది.

మూడవ దారి మనకు ప్రత్యేకమైనది. బెంగళూరులోనో, చెన్నపట్టణములోనో పదునైదేండ్లు తిప్పిన కారును, "ఊళ్లో మా చిన్నాన్న కొడుక్కి పనికొస్తుంది" అని చిత్తూరు జిల్లాకో, నెల్లూరు జిల్లాకో పంపుట. ఇచ్చినవాని కిది ఔదార్యముగా కన్పించును. పుచ్చుకొన్నవానికి మొగమాటము. పట్నమునుండి అన్నగారు పంపిన కారును కాదనగలడా? కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞము చేసి, తాగవలసిన నీరు తాగి, మేయవలసిన గడ్డి మేసి, పాలు వట్టిపోయిన ఆవులను దానమిచ్చుచుండగా, చూచి సహింపలేకపోయినవాడు ఆయన కుమారుడు నచికేతుడు. మన యిండ్లలోని నచికేతులు విదేశములలో నున్నారు గనుక అడుగువారు లేకపోయిరి.

ఆ తమ్మునికి ప్రాప్తించునదేమి? ఒక రాష్ట్రమున రిజిస్టరైన వాహనమును మరియొక రాష్ట్రమున పండ్రెండు నెలలకు మించి యుంచినచో క్రొత్త నంబరు తీసికొనవలెనని మోటారు వాహనముల చట్టములోని 47వ సెక్షను చెప్పుచున్నది. అందులకు మన రవాణా కార్యాలయము నుండి నిరభ్యంతర పత్రము కావలెను. అచ్చట పన్ను మరల కట్టవలెను. పదునైదేండ్లు దాటినది గనుక పరీక్ష చేయించి రిజిస్ట్రేషను పొడిగించుకొనవలెను. ఇవి యేవియు జరుగవు. కారు కర్ణాటక నంబరుతోనే పొలము గట్లపై తిరుగును. భీమా యుండదు. బ్రేకులు నేడో రేపో యన్నట్లుండును. తుదకు ఏ చింతచెట్టు క్రిందనో నిలిచిపోయి కోళ్లకు గూడగును. పట్నపు వాకిటి తుక్కు పల్లెవాకిటి తుక్కయ్యెను. ఇచ్చినవాని పేరు మాత్రము రిజిస్టరులో అట్లే యున్నది. బంధుప్రీతికి ఇంతకంటె మంచి గుర్తులు లేవా? ఆ తమ్ముని బిడ్డకు ఒక యేటి కళాశాల జీతము కట్టుడు.

మరి చేయవలసినదేమి? దారి లేకపోలేదు. కేంద్రప్రభుత్వము 2021 సెప్టెంబరులో వాహనముల స్క్రాపింగు కేంద్రములకు నిబంధనలు చేసినది. రిజిస్టరైన స్క్రాపింగు కేంద్రమునకు కారునప్పగింపగోరు యజమాని ప్రభుత్వపు "వాహన్" వెబ్‌సైటు ద్వారా దరఖాస్తు పెట్టవలెను. కారుపై అప్పు మిగిలియున్నదా, కట్టవలసిన బకాయిలున్నవా, అది దొంగిలింపబడినదిగాని నేరమునకు సంబంధించినదిగాని అగునా యని రికార్డులలో చూతురు. అన్నియు సరిగా నున్నచో కారును పుచ్చుకొని, బరువును స్థితిని బట్టి వెలకట్టి, డిపాజిటు సర్టిఫికెటు ఇత్తురు. పిమ్మట నూనెలు, ద్రవములు, వాయువు, బ్యాటరీ, గాలిసంచులు వేరుచేసి, లోహమును కరగించుటకు పంపి, కారు ముక్కలైనట్లు మరియొక సర్టిఫికెటు ఇత్తురు. ఆ రెండవ కాగితమే కారునకు మరణ ధ్రువపత్రము. దానిని చూపి రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనవలెను. నాటితో కారునకును మనకును ఋణము తీరినది.

మనవంటివారికి మరియొక సౌకర్యము కలదు. కారు ఏ రాష్ట్రమున రిజిస్టరైనను, దేశములో ఏ రాష్ట్రపు స్క్రాపింగు కేంద్రమునందైనను అప్పగింపవచ్చును. కర్ణాటక నంబరు కారు నెల్లూరులో చింతచెట్టు క్రింద నున్నచో దానిని బెంగళూరునకు ఈడ్చుకొని రానక్కరలేదు. ఆంధ్రప్రదేశములోని కేంద్రమునకే యిచ్చి, కాగితమును తెప్పించుకొనవచ్చును. ఇదివరకే బంధువులకు పంపివేసినవారు ఈ మాట గుర్తుంచుకొందురుగాక.

డిపాజిటు సర్టిఫికెటు వలన లాభమును కలదు. దానిని చూపి క్రొత్త వాహనము కొన్నచో రిజిస్ట్రేషను రుసుము మాఫీ యగును. సొంత వాహనములకు వాహనపు పన్నులో 25 శాతము వరకు రాయితీ యిచ్చుటకు 2022 ఏప్రిల్ 1 నుండి కేంద్ర నిబంధన అనుమతించుచున్నది. అందులో ఎంత యిచ్చునది ఆయా రాష్ట్రముల నిర్ణయము. ఇంకను 2025 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చిన పర్యావరణ నిబంధనలు, కాలము తీరిన వాహనమును 180 దినములలోపల స్క్రాపింగు కేంద్రమునకుగాని, అందులకు ఏర్పరచిన సేకరణ కేంద్రమునకుగాని అప్పగించుట యజమాని విధియని చెప్పినవి. కావున ఇక నిది మన దయాదాక్షిణ్యముల మీద నున్న పని కాదు.

ఇచ్చట కొందరు అడ్డు చెప్పుదురు. "పదునైదేండ్లు నిండగానే బ్రతికియున్న కారును చంపివేయవలెనా?" అని. అక్కరలేదు. వయస్సును బట్టి కార్లను రోడ్డుపైనుండి తొలగించు కట్టడి ఢిల్లీ పరిసరములకు సంబంధించిన న్యాయస్థానపు ఉత్తరువులనుండి వచ్చినది. దానిని విని బెంగళూరులోను చెన్నపట్టణములోను కంగారుపడి మంచి కార్లను అయినకాడికి తెగనమ్ముకొన్నవారు కలరు. మన యూళ్లలో పదునైదేండ్లు నిండిన సొంత కారును పరీక్ష చేయించి, అయిదేండ్లకొకమారు రిజిస్ట్రేషను పొడిగించుకొనవచ్చును. దాని రుసుము 2022 ఏప్రిల్ 1 నుండి 600 రూపాయలనుండి 5,000 రూపాయలకు పెరిగినది. ఇరువదియేండ్లు దాటిన కార్లకు 2025లో దానిని 10,000 రూపాయలు చేసిరి. బాగుగా నడచు కారును, పొగపరీక్షలో నెగ్గు కారును ఉంచుకొనుడు. నడువని దానిని నడచుచున్నట్లు నటింపకుడు. నేను చెప్పునది యింతే.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో, అంబాసిడరు తయారీ అదే సంవత్సరము మే నెలలో నిలిచినవి. అంతేగాక, పొగ ప్రమాణములు కఠినమగుటచే 2010 ఏప్రిల్ నుండియే బెంగళూరు, చెన్నపట్టణము, ముంబయి వంటి పెద్దనగరములలో మారుతి 800 అమ్మకము నిలిపివేయబడినది. ఆ నగరములలో క్రొత్తగా కొన్న ప్రతి మారుతి 800కును నేటికి పదునైదేండ్లు నిండినవన్నమాట. మన మధ్యతరగతి కుటుంబములకు మొదటి కారు అదియే. కావున ఈ ప్రశ్న ఎవరో ఒకరిద్దరిది కాదు. నేడు గాకున్న రేపు మన యిండ్లలో చాలవాటి ముందర నిలుచునది.

మరికొందరు "ఇది పురాతన వస్తువు, ఉంచుకొందుము" అందురు. సంతోషము. మొదటి అమ్మకమునాటినుండి ఏబదియేండ్లు దాటి, అసలు రూపము మారని వాహనములకు ప్రత్యేకముగా వింటేజి రిజిస్ట్రేషను 2021లోనే ఏర్పడినది. అట్టి కారును ప్రదర్శనకు తీసికొనిపోవచ్చును గాని నిత్యము రోడ్డుపై తిప్పరాదు. తాతగారి కారు అట్టిదైనచో తలుపులున్న గదిలో నిలిపి తుడుచుకొనుడు. ఇరువదియేండ్ల తుప్పునకు పురాతనమను బిరుదు తగిలింపకుడు.

"స్క్రాపింగు కేంద్రము దూరము. ధర తక్కువ. గుజరీవాడు ఇంటికే వచ్చును, నగదే యిచ్చును" అనునది మూడవ అడ్డు. ఇందు సత్యము కలదు. ఇచ్చట ప్రభుత్వములను వదలిపెట్టుటకు వీలులేదు. నిబంధన వ్రాయుట తేలిక, పౌరుడు దానిని పాటించుటకు వీధి చివర ఒక చోటు చూపుట కష్టము. ఆ కష్టమైన పనిని ప్రభుత్వములు కంపెనీల పెట్టుబడికి వదలి తాము చూచుచున్నవి. పెద్దనగరమునకు దూరముగా నున్న చిన్న పట్టణములోని వృద్ధుడు, నడువని కారును లారీపై ఎక్కించి ఎంత దూరము పంపగలడు? కంప్యూటరు ముట్టని వితంతువు వెబ్‌సైటులో దరఖాస్తు ఎట్లు నింపగలదు? తరతరములుగా ఈ పని చేసిన గుజరీ పనివారికి శిక్షణయిచ్చి, చేతితొడుగులిచ్చి, నూనె పట్టుటకు తొట్టెలిచ్చి, వారినే లైసెన్సులోనికి తేవచ్చును గదా! వారిని వీధిపాలుచేసి కోట్లు పెట్టగలవారికే ఈ పని అప్పగించినచో, పాత పని చాటుగా సాగును, విషము మరింత చాటుగా పారును.

ఈ మాటలు ప్రభుత్వమునకు గట్టిగా చెప్పవలెను. ప్రతి జిల్లాకును ఒక సేకరణ కేంద్రము కావలెనని, దరఖాస్తుకు రవాణా కార్యాలయములోనే సహాయము చేయవలెనని, తుక్కు పనివారిని లోనికి చేర్చుకొనవలెనని అర్జీ వ్రాయుదము. అట్టి అర్జీకి నా సంతకము మొదటిది. అయితే ప్రభుత్వము తన పని పూర్తిచేయువరకు నేను నా చమురును పొరుగువాని బావిలో పోయుదుననుట న్యాయము కాదు. వారి తప్పు మన తప్పునకు విడుదల పత్రమగునా?

సంఘము చేయదగిన పనులు కొన్ని కలవు. అందులకు డబ్బుతో పనిలేదు, మనస్సున్న చాలును. నెలకొక ఆదివారము మన గ్రంథాలయపు బల్లయొద్ద ఇద్దరు యువకులు కూర్చుండవలెను. వృద్ధులు తమ ఆర్.సి. పుస్తకములు తెచ్చి చూపుదురు. ఎవరి పేరనున్నది, గడువెప్పుడు తీరినది, అప్పు నమోదైయున్నదా యని చూచి దరఖాస్తు నింపిపెట్టవలెను. సమీపమందలి స్క్రాపింగు కేంద్రముల జాబితాను ఈ పత్రికలో ప్రకటింపవలెను. ఒకే పేటలో నాలుగు కార్లు తేలినచో ఒకే దినమున, ఒకే లారీతో పంపవచ్చును, ఖర్చు తగ్గును. రిజిస్ట్రేషను పుస్తకములో వారసుని పేరును ముందుగా వ్రాయించుకొను వీలు 2021నుండి కలదు. మన పెద్దలందరును ఆ పని నేడే చేయించుకొనునట్లు చూడవలెను. ఎవరింటనైనను పెద్దలు పోయినపుడు పరామర్శకు పోవు మనమే, దినములు గడచిన పిమ్మట "కారు పుస్తకము మార్పించితిరా?" అని మృదువుగా అడుగుదముగాక.

ఇల్లు విడుచుటకు ముందు కారు యజమాని చేయవలసినవి మరికొన్ని కలవు. బ్యాటరీని విడిగా తీసినచో దానిని తుక్కులో వేయక, క్రొత్త బ్యాటరీ అమ్ము దుకాణమునకే తిరిగి యీయవలెను. ఫాస్టాగును మూయించవలెను, భీమాను రద్దు చేయించుకొనవలెను. నంబరు పలకలను ఎవరికిని విడిగా ఇయ్యరాదు. ఖాళీ కాగితముపై సంతకము పెట్టరాదు. ఇచ్చిన ప్రతి కాగితమునకును ఒక నకలు దాచుకొనవలెను. నా యొద్ద ఆనాడు అట్టి నకలొకటి యున్నచో నేనన్ని మెట్లు ఎక్కవలసిన పని యుండెడిది కాదు.

తుదకొక మాట. మనము తరములుగా ఈ నేలపై బ్రతుకుచున్నాము. ఈ నీరు త్రాగుచున్నాము. ఈ వీధులలో మన పిల్లలు ఆడుకొనుచున్నారు. మన భాష వేరైనను మన బావి వేరు కాదు. ఇంటిలో తెలుగు, వీధిలో కన్నడమో, అరవమో, మరాఠీయో, ఒడియాయో మాటలాడు మనకు, రెండు చోట్లను మర్యాద నిలుపుకొనవలసిన భారము కలదు. మన కారడుగున కారు నల్లని చమురు ఏ భాషవాని నూతిలోనికి దిగవలెనో అడిగి దిగదు.

ఏరు దాటి తెప్ప తగలవేయుట కృతఘ్నుని లక్షణమని మన పెద్దలనిరి. మన తండ్రులను ఉద్యోగములకు మోసి, మన తల్లులను ఆసుపత్రులకు మోసి, మన పెండ్లిబట్టలను మోసిన తెప్పలివి. ఏరు దాటినది. తెప్పను ఒడ్డున కుళ్లనీయరాదు, పొరుగువాని వాకిట తగులబెట్టరాదు, ఈతరాని తమ్మునికి దానమీయరాదు. విప్పవలసిన చోట విప్పించి, ఏ కొయ్యకు ఆ కొయ్య వేరుచేయించి, లెక్క ముగింపవలెను.

నోటీసు తెచ్చిన ఆ పెద్దమనిషికి నా విన్నపమొకటి. తమరు కోరిన అర్జీని నేను వ్రాయను. అయితే ఈ ఆదివారము తమ తండ్రిగారి కారు పుస్తకము తీసికొని రండు. పేరు మార్పునకును, స్క్రాపింగునకును కావలసిన దరఖాస్తులు రెండును ప్రక్కన కూర్చుండి నేనే నింపెదను. లారీ వచ్చిన దినమున నేనును వత్తును. ఆ తరువాత ఇద్దరము కలిసి ప్రక్కయింటి తలుపు తట్టి, వాకిలి శుభ్రమైనదని వారి భాషలోనే చెప్పుదము.